ఒప్పుకున్నాక మిగిలే లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో గల్లా చూసేవాణ్ని. బిల్లు రాయని అమ్మకాల్లోంచి వారానికి అయిదు వందల చొప్పున దాదాపు 80 వారాలు తీసుకున్నాను. ఎవరికీ తెలియదు. నిరుడు బాప్తిస్మం తీసుకున్నాను, దేవుని దగ్గర ఏడ్చి ఒప్పుకున్నాను. ఇప్పుడు సేఠ్‌కి కూడా చెప్పాలా? ఆ డబ్బు చర్చిలో కానుకగా వేస్తే సరిపోదా? (ఒక సోదరుడు, కాటేదాన్)

జవాబు: సరిపోదు. ఆ డబ్బు మీది కాదు గనుక కానుకగా ఇచ్చే హక్కూ మీకు లేదు. దేవుడు మిమ్మల్ని క్షమించాడా అంటే, క్షమించాడు. 1 యోహాను 1:9 మాట ఇచ్చింది. అయితే సేఠ్ బాకీ మీ ప్రార్థనతో తీరలేదు. సంఖ్యాకాండము 5:7లో వరుస చూడండి. ముందు ఒప్పుకోవాలి, తర్వాత నష్టమంతా కట్టాలి, దానికి అయిదో వంతు కలపాలి, ఎవరికి నష్టం చేశామో వాళ్ల చేతికే ఇవ్వాలి. మీ లెక్కలో అసలు 40,000, అయిదో వంతు 8,000, మొత్తం 48,000. ఇది మోషే ధర్మశాస్త్రం, మన మీద శాసనం కాదనే మాట నిజమే. కానీ అన్నాళ్లు తన డబ్బు తన చేతిలో లేకపోవడం కూడా సేఠ్‌కి నష్టమే కదా, దానికి ఇంతకన్నా న్యాయమైన కొలత మాకు కనబడలేదు. (దశమభాగం ఎంతో చిన్నపిల్లలు కూడా చెప్పే మన సంఘాల్లో ఈ అయిదో వంతు ఊసు వినబడదు.) లూకా 19లో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నది తనంతట తాను అన్న మాట. మీరు అంత దూరం వెళ్లనక్కరలేదు.

వారాల లెక్క సరిగ్గా గుర్తులేకపోతే ఎక్కువ వైపుకే వేయండి. ఒక్కసారి కట్టలేకపోతే నెలకు 4,000 చొప్పున పన్నెండు నెలలు. మొదటి వాయిదా జేబులో పెట్టుకునే వెళ్లండి, ఉత్తచేతులతో చెప్పే మాటను ఆయన ఎందుకు నమ్మాలి? ఆయన బతికి లేకపోతే ఆ ఇంటివాళ్లకు ఇవ్వాలి. తర్వాతి వచనం చెప్పేదీ దగ్గరి బంధువు సంగతే.

అసలు కష్టం మాట దగ్గర వస్తుంది. "ఏమైనా పొరపాటు చేసుంటే క్షమించండి" అనడం మనకు అలవాటు. ఆ "ఉంటే"తో ఒప్పుకోలు కాస్తా అనుమానంగా మారిపోతుంది. "పొరపాటు జరిగిపోయింది" అంటే మరీ హాయి, చేసినవాడు వాక్యంలోనే ఉండడు. చర్చిలో చెప్పే సాక్ష్యాల్లోనైతే "సైతాను చేయించాడు" అనేది మూడో దారి. 1 యోహాను 1:9లో "ఒప్పుకొను" అన్నచోట గ్రీకు మాట హొమొలొగెయొ, అంటే "అదే మాట అనడం". దేవుడు దేన్ని దొంగతనమంటాడో మీరూ దాన్ని దొంగతనమే అనాలి. "సేఠ్‌జీ, మీ దగ్గర పనిచేసినప్పుడు గల్లాలోంచి నలభై వేలు దొంగిలించాను. ఎనిమిది వేలు కలిపి కడతాను. ఇదిగో మొదటి నాలుగు వేలు." ఇంతే. ఇంట్లో కష్టాలు చెప్పొద్దు. సువార్త కూడా ఆ రోజుకు వద్దు, కరపత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

ఆయన పోలీసు కేసు పెట్టొచ్చు. దేవుడు క్షమించాడన్నది అక్కడ అడ్డుపడదు. ముందుగా ఒక వకీలును కలిసి ఏం జరగవచ్చో తెలుసుకుని వెళ్లండి.

ప్రశ్న: రాత్రుళ్లు ఫోన్‌లో చూడకూడనివి చూస్తున్నాను. ప్రతిసారీ ఒప్పుకుంటాను, మళ్లీ పడతాను. అయోగ్యుణ్నని ఆరు నెలలుగా ప్రభు బల్ల (చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం మానేశాను. (ఒక యువకుడు, రామంతాపూర్)

జవాబు: 1 కొరింథీయులకు 11:28 మళ్లీ చదవండి. తన్ను తాను పరీక్షించుకోమన్నాక పౌలు "ఆలాగుచేసి" తినమన్నాడు, మానేయమనలేదు. అక్కడ "అయోగ్యముగా" అన్నది తీసుకునే తీరు గురించి. కొరింథు సంఘంలో ముందొచ్చినవాళ్లు తినేసి మత్తులో ఉంటే, పేదలు ఆకలితో కూర్చునేవారు (21, 22 వచనాలు). పాపాన్ని వదలననే మొండివాడు ఆగాలి. వదలాలని కొట్టుకుంటున్నవాడు దూరంగా కూర్చుంటే వాడికే నష్టం.

ఇక పడటం సంగతి. మీరు పడేది ఒకే వేళ, ఒకే చోట అయి ఉంటుంది. పడ్డ రోజు టైమూ, అంతకుముందు గంటలో ఏం చేశారో రెండు వారాలు రాసి చూడండి. గదిలో ఒంటరిగా, పదకొండు దాటాక అని తేలితే ఛార్జర్ హాల్లోకి మారాలి. లేవడానికి ఒక అలారం గడియారం కొనుక్కోండి. యాకోబు 5:16 ప్రకారం ఒకరి దగ్గర ఒప్పుకోండి. ఆ ఒకరు మగవారై, మీకన్నా పెద్దవారై, నోరు కట్టుకోగలిగినవారై ఉండాలి. వాట్సాప్ ప్రార్థన గ్రూపులో మాత్రం పెట్టకండి. అక్కడ "ప్రార్థన అంశం" పేరిట ఏది ఎక్కడిదాకా వెళ్తుందో మీకు తెలిసిందే. వారానికొకసారి ఆయనే ఫోన్ చేసి అడిగేలా మాట తీసుకోండి. మీరే చెబుతానంటే మూడో వారానికి చెప్పరు.

ప్రశ్న: ఉపవాస ప్రార్థనల్లో అందరూ ఏడుస్తారు, నాకు కన్నీళ్లు రావు. నాది నిజమైన పశ్చాత్తాపం కాదా? (ఒక సోదరి, మల్కాజిగిరి)

జవాబు: జక్కయ్య ఏడ్చినట్టు లూకా రాయలేదు, ఇచ్చిన లెక్కే రాశాడు. యేసును అప్పగించిన యూదా పశ్చాత్తాపపడి 30 వెండి నాణేలు తిరిగిచ్చేశాడు గానీ ప్రభువు దగ్గరికి రాలేదు. పాత నిబంధనలో ఈ సంగతికి వాడే హీబ్రూ మాట షూబ్, "వెనక్కి తిరగడం". తిరిగారా లేదా అన్నది చూసుకోండి.

ప్రశ్న: మా ఆయన తాగొచ్చి కొడతాడు, పొద్దున్నే కాళ్లు పట్టుకుంటాడు. "డెబ్బది ఏళ్ల మారులు (డెబ్బై ఏడుల సార్లు) క్షమించాలమ్మా, ఇంటికి వెళ్లు" అంటున్నారు మా పాస్టరు అయ్యగారు. (ఒక సోదరి, బోరబండ)

జవాబు: ఆ మాట ఉన్న మత్తయి 18లోనే, ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడగకముందే, తప్పు చేసినవాణ్ని ఒంటరిగా నిలదీయాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి అని ఉంది. దెబ్బలు పడే ఇంట్లో ఆ మొదటి మెట్టు కూడా మీరు ఒంటరిగా ఎక్కకండి. లూకా 17:3లోనూ "గద్దించుము" ముందు, "క్షమించుము" తర్వాత.

క్షమించడమంటే పగ తీర్చుకునే హక్కు వదులుకోవడం. మళ్లీ నమ్మడం వేరే సంగతి, దానికి ఋజువు కావాలి. తాగుడు మాన్పించే వైద్యానికి వెళ్తున్నాడా, నెలల తరబడి చెయ్యి ఎత్తకుండా ఉన్నాడా, తన తప్పు పెద్దల ముందు తనే చెప్పాడా? పొద్దుటి కాళ్లు పట్టుకోవడం ఋజువు కాదు, అది మీరు వెళ్లిపోతారన్న భయం.

మత్తయి 18లోనే ఉన్న ఉపమానంలో, రాజు పెద్ద బాకీ మాఫీ చేసిన దాసుడికి తోటి దాసుడు పడ్డ బాకీ నూరు దేనారాలు. అప్పట్లో దేనారం ఒక రోజు కూలి, అంటే అడ్డా మీద నిలబడే కూలికి మూడు నెలల పైచిలుకు సంపాదన. దాన్ని ప్రభువు ఉత్తదే అనలేదు. మీకు తగిలిన దెబ్బలనూ ఎవరూ ఉత్తవే అనడానికి వీల్లేదు.

ముందు పిల్లలతో సహా భద్రంగా ఉండే చోటికి వెళ్లండి. 181కి ఫోన్ చేయండి, అది మహిళల హెల్ప్‌లైన్. 2005 నాటి గృహహింస చట్టం కింద కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, ఆ ఇంట్లో ఉండే హక్కూ అడగొచ్చు. దెబ్బ తగిలిన రోజే ఆసుపత్రిలో చూపించుకుని చీటీ దాచుకోండి. రాజీకి రమ్మని అయ్యగారు పిలిస్తే ఒంటరిగా వెళ్లకండి, పుట్టింటివాళ్లలో ఒకరినీ ఆ చీటీలనూ వెంట తీసుకెళ్లండి.