మందు నకిలీది కాదు, మోతాదు తప్పింది

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర మా షెడ్డులో 22 రోజుల బ్రాయిలర్లు 3,000 ఉన్నాయి. బరువు సుమారు కిలో. గురక పెడుతున్నాయి, రోజూ 15-20 చనిపోతున్నాయి. కోసి చూస్తే గుండె, కాలేయంపై తెల్లటి పొర ఉంది. సీఆర్‌డీ (దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బు) అనుకుని 10 శాతం ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ 5 లీటర్ల నీటికి 1 మి.లీ. చొప్పున ఇచ్చాం. తగ్గి, మళ్లీ తిరగబెట్టింది. టెట్రాసైక్లిన్‌తోనూ ఫలితం లేదు. ఇవి నకిలీ మందులా? డీలర్ కొలిస్టిన్ అనే మరో యాంటీబయోటిక్ వేయమంటున్నారు.

జవాబు: తెల్లటి పొర ఉందంటే ఇది సీఆర్‌డీ ఒక్కటే కాదు, ఈ.కోలి అనే బ్యాక్టీరియా జబ్బు ముదిరింది. కొలిస్టిన్ జోలికి వెళ్లకండి. ఆహారానికి పెంచే జీవాల్లో దాన్ని కేంద్రం 2019లోనే నిషేధించింది. డీలర్‌కు అది తెలియకపోతే అతని సలహా వినకూడదు, తెలిసీ చెబితే అసలే వినకూడదు.

మందు నకిలీదని నేననుకోను. ఈ.కోలి గోడలో ఏసీఆర్‌ఏబీ-టోల్‌సీ అనే పంపు ఉంటుంది. పేగుల్లోని పైత్యరసాన్ని తట్టుకోవడానికి ఉన్న ఏర్పాటు అది. లోపలికి చేరిన మందునూ పని చేయకముందే బయటికి తోడిపోస్తుంది. ఎన్రో, టెట్రాసైక్లిన్ వేర్వేరు మందులైనా రెండింటినీ ఈ ఒక్క పంపే తోడేస్తుంది. అందుకే మందు మార్చినా గుణం కనిపించలేదని నా అనుమానం.

లెక్క చూడండి. ఎన్రో కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా. 10 శాతం మందులో మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది కాబట్టి మీ 3,000 కిలోలకు 300 మి.లీ. కావాలి. కోళ్లు రోజుకు తాగే 550 లీటర్లలో మీరు వేసింది 110 మి.లీ. చాలీచాలని మందుకు బలహీనమైన బ్యాక్టీరియా చచ్చి, పంపులు ఎక్కువున్నవి మిగిలి పెరుగుతాయి. అలాగని ఇప్పుడు మోతాదు పెంచి పోయవద్దు.

ముందు యాంటీబయోటిక్ ఆపండి. జబ్బు కోళ్లు నాలుగు, లేదా అప్పుడే చనిపోయినవైతే ఐస్‌లో పెట్టి (ఫ్రీజర్‌లో కాదు), రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి సెన్సిటివిటీ పరీక్ష (ఏ మందుకు బ్యాక్టీరియా లొంగుతుందో తేల్చేది) అడగండి. వాడిన మందులన్నీ చెప్పండి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ తర్వాతే మందు, అదీ డాక్టర్ రాసినది, బరువు లెక్కన, చెప్పినన్ని రోజులు. టెట్రాసైక్లిన్ రాస్తే బోరు నీటిలో కాల్షియం ఎంతుందో చూపించుకోండి, అది మందును పట్టేసుకుంటుంది.

ఈలోగా 1,000 లీటర్లకు 10 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ (30 శాతం క్లోరిన్ ఉన్నది) కలిపి, తేరిన నీరు ఇవ్వండి. ఈ లెక్కన నీటిలో 3 పీపీఎం (లీటరుకు 3 మి.గ్రా.) క్లోరిన్ పడుతుంది. నీటిలో మందు, టీకా ఇచ్చే రోజుల్లో క్లోరిన్ వద్దు. కోడి ఎత్తులో కూర్చుంటే కళ్లు మండితే అమ్మోనియా ఎక్కువున్నట్టే. గాలి ఆడేలా షెడ్డు తెరలు తెరిచి, తడిసిన లిట్టర్ (నేలపై పరిచిన పొట్టు) తీసేయండి.

అమ్మేముందు మందు లేబుల్‌పై విరామ గడువు (మందు ఆపాక అమ్మేదాకా ఆగాల్సిన రోజులు) చూడండి. రాసి లేకపోతే మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి.