పురుషుడికి 46,ఎక్స్ఎక్స్ రిపోర్టు: ఎస్ఆర్‌వై చూశారా?

వీర్యకణాలు లేవని చేయించిన కేరియోటైప్‌లో (క్రోమోజోమ్‌ల పరీక్షలో) మీ అన్నయ్యకు 46,ఎక్స్ఎక్స్ అని, అంటే సాధారణంగా స్త్రీలలో ఉండే క్రోమోజోమ్‌ల అమరిక అని వచ్చిందంటే, ముందుగా అనుమానించవలసింది ల్యాబ్ పొరపాటును కాదు; తండ్రిలో వీర్యకణం తయారయ్యేటప్పుడు వై క్రోమోజోమ్ మీది, వృషణాలను ఏర్పరిచే ఎస్ఆర్‌వై జన్యువు ఎక్స్ మీదికి చేరి ఉండవచ్చు. ఆయన పురుషుడు కాదని ఈ కాగితం చెప్పడం లేదు. ఆ మాట ముందు ఆయనకు చెప్పండి.

1. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కేరియోటైప్ క్రోమోజోమ్‌లను లెక్కపెట్టి వాటి పట్టీలను చూపుతుంది గాని, ఇంత చిన్న ముక్కను సాధారణంగా పట్టుకోలేదు. కాబట్టి ఫిష్ (జన్యువు ఉన్న చోటును మెరిసే రంగుతో చూపేది) లేదా పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు నకళ్లు పెంచి చూసేది) పద్ధతిలో ఎస్ఆర్‌వై పరీక్షను విడిగా అడిగి చేయించండి. 1990లో గుర్తించిన ఈ జన్యువు, వై పొట్టి భుజంలో ఎక్స్‌తో ముక్కలు మార్చుకునే భాగానికి ఆనుకొని ఉంటుంది. అందుకే ఫిష్‌లో సాధారణంగా ఒక ఎక్స్ కొన మీద వెలిగే చుక్కగా కనిపిస్తుంది.

2. జన్యువు ఉంటే, పిండంలో సాక్స్9 అనే మరో జన్యువును మేల్కొలిపి బీజగ్రంథిని వృషణంగా మార్చింది అదే. వీర్యకణాలకు కావలసిన ఏజెడ్ఎఫ్ భాగాలు మాత్రం వై పొడుగు భుజంలోనివి, అవి ఆయనకు రాలేదు. కనుక వృషణం నుంచి వీర్యకణాలు తీసే శస్త్రచికిత్సకు దయచేసి ఒప్పుకోకండి.

3. ఎస్ఆర్‌వై లేకపోతే, సాక్స్9 పరిసరాల్లో అదనపు నకలు ఉందేమో మైక్రోఅరేలో (డీఎన్ఏలో ఎక్కువైన, తగ్గిన ముక్కలను పట్టే పరీక్షలో) చూడాలి.

ఎలాగైనా టెస్టోస్టెరాన్ కొలిపించండి, తక్కువైతే ఎముకలు బలహీనపడతాయి.