టెక్ సందేహాలు: తొమ్మిదో తరగతి వాట్సాప్ గ్రూపులో స్టిక్కర్

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా తొమ్మిదో తరగతి పిల్లలు సొంతంగా పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఒక అబ్బాయి తోటి విద్యార్థిని ఫొటోతో వెక్కిరింపు స్టిక్కర్ చేసి పెట్టాడు. నాకు తెలిసేసరికి అది మరో రెండు గ్రూపులకు పాకింది. ఆ అమ్మాయి మూడు రోజులుగా బడికి రావడం లేదు. ఇలాంటివి మళ్లీ జరగకుండా పిల్లలకు ఏం నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పాఠం సంగతి తర్వాత, ముందు ఆ స్టిక్కర్ సంగతి చూడాలి. ఎవరు, ఎప్పుడు, ఏ గ్రూపులో పెట్టారో కాగితం మీద రాసుకోండి. వాట్సాప్‌లో పంపినదాన్ని అందరి ఫోన్లలోనూ తొలగించే వీలు సుమారు రెండు రోజుల వరకే ఉంటుంది. ఆ గడువు ఎలాగూ దాటింది. దాటకపోయినా, స్టిక్కర్‌ను ఫేవరెట్లలో దాచుకున్న వారి ఫోన్లలో అది అలాగే ఉంటుంది. కాబట్టి ఆ అమ్మాయి పేరెత్తకుండా, ప్రతి పిల్లవాడి చేతా తన ఫోన్లోంచి తీసివేయించడం తప్ప దగ్గరి దారి లేదు.

ఆ బొమ్మ వెక్కిరింపుతో ఆగక అసభ్యంగా మార్చినదైతే వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. అప్పుడు సాక్ష్యం కోసమంటూ దాన్ని హెడ్మాస్టరుకో, తోటి టీచర్లకో ఫార్వర్డ్ చేయకండి, మీ ఫోన్లో దాచుకోకండి. పిల్లల అశ్లీల చిత్రాలను దగ్గర ఉంచుకోవడం, చూడటం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువు పోతుందని పెద్దమనుషుల్లో సర్దుబాటు చేసే అధికారం ఎవరికీ లేదు. చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. పద్దెనిమిదేళ్లలోపు వారి నగ్న చిత్రాల వ్యాప్తిని ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ కూడా ఉంది. ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు. దాని నుంచి తయారైన అంకెల గుర్తు మాత్రమే వెళ్లి, ఆ సేవలో చేరిన ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి వేదికల్లో అదే చిత్రాన్ని పట్టిస్తుంది. ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప మరెవరూ చదవలేని తాళం) ఉన్న వాట్సాప్ చాట్లలోకి మాత్రం అది తొంగిచూడలేదు.

ఇక నేర్పే మాట. 'అది చేయకూడదు, ఇది చూడకూడదు' అనే జాబితాతో మొదలుపెట్టవద్దని నా సలహా. మొదటి పాఠం 'ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి' అన్నదే కావాలి. ఫొటోలు చూపి బెదిరించేవాడు నమ్ముకునేది పిల్లల భయాన్నే: ఇంట్లో చెబితే ఫోన్ లాక్కుంటారు, బడిలో చెబితే పరువు తీస్తారు. అందుకే వచ్చి చెప్పిన పిల్లవాడు ముందు తప్పు చేసి ఉన్నా, చెప్పినందుకు శిక్ష ఉండదని మీ స్టాఫ్ మీటింగులో తీర్మానించి, తరగతిలో అందరి ముందూ ప్రకటించండి. ఆ మాట ఒక్కసారి తప్పినా మళ్లీ ఎవరూ మీ దగ్గరికి రారు.

రెండో పాఠం: ఎవరి ఫొటో అయినా వారిని అడిగాకే పంపాలి. ఇక్కడ పెద్దలం కొంచెం సిగ్గుపడాలి. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున పిల్లల ఫొటోలు, మార్కులు, ఒక్కోచోట హాల్ టికెట్ నంబర్లతో సహా కూడళ్లలో ఫ్లెక్సీలు కట్టి, స్టేటస్‌లలో పెట్టేది మనమే. వారిలో ఎవరిని అడిగాం? మీ బడి పేజీలో ఫొటో పెట్టే ముందు ఆ పిల్లలను, తల్లిదండ్రులను అడగడం మొదలుపెడితే, పాఠంలో సగం చెప్పనవసరం లేకుండానే అయిపోతుంది.

మిగిలినవి చేయించి చూపించేవి. ఐఎఫ్‌పీ ప్యానెల్ (తరగతి గదిలోని పెద్ద టచ్ స్క్రీన్) ఉంటే దాని మీద వాట్సాప్ ప్రైవసీ సెట్టింగులు తెరిచి, తమను గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చన్న చోట 'మై కాంటాక్ట్స్' ఎంచుకోవడం చూపించండి. 'వ్యూ వన్స్'గా, అంటే ఒక్కసారే తెరిచి చూడగలిగేలా పంపిన ఫొటోను స్క్రీన్‌షాట్ తీయనివ్వదు కదా అని ధీమాగా ఉన్నవారికి, పక్క ఫోన్ కెమెరాతో దాన్ని ఎలా తీయవచ్చో అక్కడే చేసి చూపించండి. రెండు బాణాల గుర్తుతో వచ్చే సందేశం ఎన్నో చేతులు మారినదని, దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలమని చెప్పండి. చాలామంది పిల్లలు వాడేది నాన్న ఫోనే, అందులో ఫోన్‌పే ఉంటుంది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కరలేదన్న ఒక్క సంగతి ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. వాడికి తెలియకుండా వాడి చాట్లు చదివే యాప్ ఏదైనా చెప్పగలరా?

జవాబు: చెప్పను. అలాంటి యాప్‌లు ఫోన్లోని రక్షణలను ఆపించి, మీ అబ్బాయి సందేశాలను ఎవరిదో తెలియని సర్వర్‌కు చేరవేస్తాయి. పైగా వాడికి తెలిసిన రోజున రెండో ఖాతా పుడుతుంది. గూగుల్ ఫ్యామిలీ లింక్‌ను వాడికి చెప్పే పెట్టండి. అది సమయాన్ని, యాప్‌లను అదుపు చేస్తుంది కానీ చాట్లు చూపించదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచినప్పుడు ఏ పుట్టిన సంవత్సరం ఇచ్చాడో కూడా చూడండి. మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి వస్తున్న టీన్ అకౌంట్‌లో ఖాతా ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివారు సందేశం పంపలేరు, పదహారేళ్లలోపు వారు ఆ నిబంధనలను సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. నాన్న పుట్టిన సంవత్సరం ఇచ్చి తెరిచిన ఖాతా పెద్దవాళ్ల ఖాతాగానే లెక్క, కాబట్టి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఆ తేదీని సరిచేయించండి.

ప్రశ్న: ఐదో తరగతి పాపకు హోంవర్క్ కోసం వాట్సాప్ పెట్టవచ్చా?

జవాబు: వాట్సాప్ నిబంధనల ప్రకారం పదమూడేళ్లు నిండాలి. హోంవర్క్ గ్రూపును మీ నంబరులోనే ఉంచుకుని, పాప చేతికి ఫోన్ ఇచ్చేముందు యూపీఐ యాప్‌లకు లాక్ పెట్టండి.