కంట్రోలర్ కాలిపోయినా మెమరీ కాలిపోదు

ప్రశ్న: వాన రాత్రి కరెంటు పోయి వచ్చింది. రాగానే లైట్లు ఒక్కసారిగా మరీ ప్రకాశంగా వెలిగాయి. అప్పటి నుంచి ఇంట్లోని స్విచ్చులను నడిపే ఆటోమేషన్ కంట్రోలర్ పనిచేయడం లేదు. బోర్డు మొత్తం మార్చాలని దాన్ని అమర్చిన వ్యక్తి అంటున్నారు. బాగుచేయించలేమా? ఇకపై స్టెబిలైజరు పెడితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఈశాన్య రుతుపవనాలు మొదలైన దగ్గర నుంచి ఒంగోలు, సింగరాయకొండ, గూడూరు వైపు నుంచి ఇదే ఫిర్యాదు వస్తోంది. లైట్లు అంత ప్రకాశంగా వెలిగాయంటే పిడుగు కన్నా ముందు న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి వెళ్లే తీగను) అనుమానించాలి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ జాయింటు వదులైతే, 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 దాకా రావచ్చు. పిడుగు పోటు మైక్రోసెకన్లలో ముగుస్తుంది, ఇది మాత్రం ఎవరో ఒకరు మెయిన్ దించేదాకా సాగుతుంది. అందువల్ల పిడుగు పోటును అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్‌తో పాటు, వోల్టేజీ హద్దు దాటగానే సరఫరాను ఆపేసే ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ కూడా ఇంటి మెయిన్ స్విచ్చుల పెట్టె అయిన డీబీలో ఉండాలి. మామూలు స్టెబిలైజరు వీటికి ప్రత్యామ్నాయం కాదు. సముద్రపు గాలికి ఎర్తింగ్ క్లాంపులు తుప్పు పట్టే మన ప్రాంతంలో ఎర్తింగ్‌ను ఏటా పరీక్షించుకోవాలి.

బోర్డు మొత్తం పోయిందన్న మాటను వెంటనే నమ్మకండి. చాలాసార్లు ముందుగా దెబ్బతినేది పవర్ సప్లై భాగమే: ఫ్యూజు, దాని పక్కన నీలం బిళ్లలా కనిపిస్తూ వోల్టేజీ పోటును అడ్డుకునే వేరిస్టర్, పైభాగం ఉబ్బిన పెద్ద కెపాసిటర్. ఆ కెపాసిటర్ సాధారణంగా 400 వోల్టులకు తయారైనది. 230 వోల్టుల ఏసీ డీసీగా మారితే దాదాపు 325 అవుతుంది కాబట్టి మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు, అదే 400 వోల్టుల ఏసీ వస్తే 560 దాటుతుంది. టీవీ బోర్డులు బాగుచేసే అనుభవజ్ఞుడైన మెకానిక్ ఈ భాగాలను మార్చగలరు. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉంటుంది, కాబట్టి మీరు మాత్రం విప్పవద్దు. బోర్డు మళ్లీ పనిచేశాక ప్రతి రిలేనూ (లైట్లు, గీజరు వంటి వాటికి కరెంటు కలిపి, తీసే చిన్న స్విచ్చును) మల్టీమీటరుతో పరీక్షించమనండి. కాంటాక్టులు అతుక్కుపోయి ఉంటే, యాప్‌లో ఆఫ్ అని చూపిస్తున్నా గీజరుకు కరెంటు వెళుతూనే ఉంటుంది.

ఇంతకన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం మరొకటి ఉంది. పవర్ సప్లై కాలిపోయినంత మాత్రాన మెమరీ చిప్పు చెరిగిపోదు. మీ వైఫై పాస్‌వర్డు, యాప్ లాగిన్ వివరాలు, కెమెరాలకూ డోర్ లాక్‌కూ ఉన్న అనుసంధానాలు అందులో అలాగే ఉంటాయి, చౌక కంట్రోలర్లలో ఇవి ఏ ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేని రహస్య రూపం) లేకుండా ఉండటమూ అరుదు కాదు. ఇంటి తాళంచెవిని ఎంతో జాగ్రత్తగా దాచుకునే వాళ్లు ఈ బోర్డును ఎవరి చేతికైనా ఇచ్చేస్తున్నారు. రిపేరుకు పంపే ముందే యాప్‌లో ఆ పరికరాన్ని ఖాతా నుంచి తొలగించి, వైఫై పాస్‌వర్డు మార్చండి. చాలా ఇళ్లలో అమర్చినవారి ఫోన్ నంబరుతోనే ఖాతా తెరిచి ఉంటుంది, అంటే యజమాని హక్కు వారిది, మీరు కేవలం సభ్యులు. యాప్‌లోని సభ్యుల జాబితా ఇవాళే తెరిచి చూడండి. ఖాతా మీ పేరున లేకపోతే మీ నంబరుతో కొత్తది తెరిపించండి.

ఈ తప్పు వాడేవాళ్లదే అనడం న్యాయం కాదు. చాలా కంట్రోలర్లలో సెట్టింగులను ఇంట్లోనే బ్యాకప్ తీసుకునే సదుపాయం ఉండదు, కొత్త బోర్డు పెట్టిన ప్రతిసారీ అన్ని గదులనూ మొదటి నుంచి జతచేయాలి. ఆ శ్రమ భరించలేక జనం ఫోనునూ పాస్‌వర్డునూ టెక్నీషియన్ చేతిలో పెడుతున్నారు. ఇంటి తలుపును నడిపే పరికరాన్ని ఇంత నిర్లక్ష్యంగా రూపొందించడం క్షమించరానిది.

బోర్డు మార్చక తప్పకపోతే మార్చండి. పాతది ఇస్తే ధర తగ్గిస్తామనే ఎక్స్‌చేంజికి మాత్రం ఒప్పుకోకండి, ఆ చిప్పు ఉన్న బోర్డు మీ దగ్గరే ఉండాలి.