కీమో వాయిదా పడిన తమ్ముడికి అక్క రాస్తున్నది

తమ్ముడూ,

నిన్న మరదలు ఫోన్ చేసి అంతా చెప్పింది. కీమో మూడో సైకిల్ (విడత) తర్వాత జ్వరం రావడం, రాత్రికి రాత్రే అడ్మిట్ చేయడం, తెల్లకణాలు బాగా పడిపోయాయనడం, నాలుగో సైకిల్ వాయిదా వేసి ఈసారి డోస్ కూడా తగ్గిస్తామనడం. అప్పటినుంచి నువ్వు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదట. "రిటైరై నెల తిరక్కుండానే అయిపోయింది నా పని" అన్నావట. ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డం వస్తావు కాబట్టి రాస్తున్నాను. తీరిగ్గా చదువు, ఇప్పుడు నీకు తీరికే కదా.

ముందు ఒక్క సంగతి తేల్చుకో. ఆగింది మందా, లేక పెరిగింది జబ్బా? ఈ రెండూ వేరు. రోగి చెవికి మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి, అక్కడే వస్తుంది చిక్కంతా. నా ట్రీట్‌మెంట్ రోజుల్లోనూ చూశాను, తర్వాత మీ బావగారి పక్కన కూర్చున్నప్పుడూ చూశాను. డాక్టర్ "ఈ వారం వద్దు" అంటే చాలు, మనిషి ఇంటికొచ్చి వీలునామా గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. నీకు జరిగింది మొదటిది. మందు తాత్కాలికంగా ఆగింది. జబ్బు పెరిగిందని ఏ స్కానూ చెప్పలేదు, అసలు స్కానే ఇంకా తీయలేదు.

ఎందుకిలా జరుగుతుందో చెబితే భయం కాస్త తగ్గుతుంది. కీమో మందు వేగంగా పెరిగే కణాల మీద పడుతుంది. క్యాన్సర్ కణాలు అలాంటివే, కానీ ఎముక మజ్జలో రక్తకణాలను తయారుచేసేవీ అలాంటివే, మందుకి ఈ తేడా తెలియదు పాపం. చాలా మందులతో, మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా కిందికి పడతాయి, మూడు నాలుగు వారాలకల్లా మళ్లీ లేస్తాయి. చాలా సైకిళ్ల మధ్య అంత ఎడం పెట్టడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గి జ్వరం వస్తే ఆస్పత్రివాళ్లు దాన్ని ఎమర్జెన్సీగానే చూస్తారు, వచ్చిన గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించాలన్నది వాళ్ల నియమం. నిన్ను అర్ధరాత్రి హడావుడిగా తీసుకెళ్లడం, సెలైన్లు పెట్టడం, చుట్టూ మాస్కులు, అదంతా నువ్వు పోతున్నావని కాదురా, పోకుండా చూడటానికి.

డోస్ తగ్గించడం అంటే డాక్టర్ చేతులెత్తేశాడని కూడా అనుకోకు. కానీ ఊరికే తలూపి రావద్దు, ఒక ప్రశ్న అడుగు: "డోస్ తగ్గించే బదులు తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ ఇచ్చి పాత డోసే కొనసాగించొచ్చా? నా విషయంలో ఏది మంచిది, ఎందుకు?" పూర్తిగా నయం చేయడమే లక్ష్యమైతే చాలాసార్లు ఇంజెక్షన్ సాయంతో డోస్ నిలబెట్టడానికి చూస్తారు. జబ్బును అదుపులో పెట్టడం లక్ష్యమైతే డోస్ తగ్గించడానికి అంతగా వెనకాడరు. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో నీ ట్రీట్‌మెంట్ ఎటు పోతోందో సగం తెలిసిపోతుంది. ఒకవేళ ఆ ఇంజెక్షన్ ఇస్తే, ఒకటి రెండు రోజుల్లో నడుము, తుంటి, ఛాతీ ఎముకలు పీకేయవచ్చు. మజ్జ ఒక్కసారిగా పనిలో పడటం వల్ల వచ్చే నొప్పి అది. అది తెలియక, జబ్బు ఎముకలకు పాకిందని రాత్రంతా ఏడ్చినవాళ్లను చూశాను.

ఇక జ్వరం సంగతి. ఇది మాత్రం అక్క ఆర్డర్ అనుకో. థర్మామీటర్ మంచం పక్కనే ఉండాలి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటిందంటే పారాసిటమాల్ వేసుకుని "తెల్లారేదాకా చూద్దాం" అనకూడదు. ముందు ఆస్పత్రికి ఫోన్. ఆ మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది కానీ ఇన్ఫెక్షన్‌ని ఆపదు. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే నోట్లోంచి రావాల్సిన మొదటి మాట "నేను కీమోలో ఉన్నాను". నీ నోటికి రాకపోతే మరదలి నోటికి రావాలి. జ్వరం లేకుండా వణుకు వచ్చినా, మాట తడబడినా, ఒక కాలు మాత్రమే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే, ఆగొద్దు. క్యాన్సర్ ఉన్నవాళ్లకి రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ, అందుకే ఆ కాలి వాపు గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను.

నీతో నాకున్న అసలు గొడవ వేరే. నువ్వు డాక్టర్ ముందు కూర్చుని "బాగానే ఉన్నానండీ" అంటావట. నలభై ఏళ్లు ఆఫీసులో అందరికీ అదే చెప్పి చెప్పి అలవాటైపోయింది. అక్కడ అది పనికొచ్చింది, ఇక్కడ ప్రమాదం. పగటిపూట ఎంతసేపు మంచం మీద ఉంటున్నావు, నీ పనులు నువ్వే చేసుకుంటున్నావా అని డాక్టర్ మాటల్లో మాటగా అడిగేది కుశల ప్రశ్న కాదు. దానికి 0 నుంచి 5 వరకు ఒక కొలత ఉంది. మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా మంచం మీదో కుర్చీలోనో గడుస్తుంటే అది 3. తర్వాత ఏ మందు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నది చాలావరకు ఆ అంకె చూసే నిర్ణయిస్తారు. నువ్వు గొప్పకి పోయి 1 అనిపించుకుంటే నీ ఒంటికి పడని డోస్ పడుతుంది. వేళ్ల తిమ్మిరి కూడా అంతే. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందని మరదలు అంటోంది, నువ్వు మాత్రం చెప్పలేదట. కొన్ని కీమో మందులు నరాలను దెబ్బతీస్తాయి. వెంటనే చెబితే డోస్ సర్దుతారు లేదా మందు మారుస్తారు, చెప్పకుండా లాగిస్తే ఆ తిమ్మిరి శాశ్వతంగా ఉండిపోవచ్చు. ఒక నోట్‌బుక్ పెట్టు. రోజూ టెంపరేచర్, బరువు, నిద్ర, విరేచనాలు, కొత్తగా ఏమొచ్చింది, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నావు, అంతే. ఎవరో చెప్పారని మూలికల పొడులూ సప్లిమెంట్లూ ఏవైనా తీసుకుంటుంటే అవి కూడా రాసి డాక్టర్‌కి చూపించు. కొన్ని కీమో మందు పనిచేసే తీరునే మార్చేస్తాయి.

నీ దిగులు గురించి. అందులో కొంత వాటా స్టెరాయిడ్‌దేనని నా అనుమానం. వాంతులు రాకుండా కీమో రోజుల్లో ఇచ్చే ఆ మాత్ర నిద్ర చెడగొడుతుంది, చిరాకు పెంచుతుంది, షుగర్ పెంచుతుంది, ఆపిన తర్వాతి రోజుల్లో మనిషిని ఒక్కసారిగా కిందికి తోసేస్తుంది. తేదీలు రాసుకుని చూడు, నీ చీకటి రోజులు ప్రతి సైకిల్లోనూ దాదాపు ఒకేచోట పడుతున్నాయేమో. అలా అయితే ఆ రోజుల్లో వచ్చే ఆలోచనలను నమ్మాల్సిన పని లేదు. డాక్టర్‌కి చెబితే ఆ మాత్రను పొద్దున పూటకి మార్చడమో, తగ్గించడమో చేస్తారు. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే అదీ చెప్పాల్సిన లక్షణమే, తిమ్మిరి చెప్పినట్టే చెప్పు.

మరి కొంత వాటా రిటైర్మెంట్‌ది. దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఏ జబ్బూ లేనివాళ్లు కూడా రిటైరైన మొదటి ఏడాది దిక్కుతోచక తిరుగుతారు, నేనూ తిరిగాను. పొద్దున్నే చొక్కా వేసుకోవడానికో కారణం, సంతకం కోసం ఎదురుచూసే మనుషులు, తిట్టుకోవడానికి ఒక బాస్, అన్నీ ఒకే రోజు పోతాయి. నువ్వు చివరి రోజు దాకా సెలవుల మధ్యలో కీమో ఎక్కించుకుంటూ ఆఫీసుకి వెళ్లావు. ఆఫీసు ఉన్నంతకాలం నువ్వు ఉద్యోగివి, పక్కన జబ్బు. ఇప్పుడు ఉద్యోగం తీసేస్తే జబ్బు ఒక్కటే మిగిలినట్టు కనిపిస్తోంది. ఆ ఖాళీని కూడా క్యాన్సర్ ఖాతాలో రాసేయకు.

"ట్రీట్‌మెంట్ అయ్యాక మొదలుపెడతా" అని ప్లాన్లన్నీ మడిచి పెట్టేశావట. విప్పు. మూడు వారాల సైకిల్లో మూడో వారం సాధారణంగా కాస్త మెరుగ్గా ఉంటుంది, మనుషుల్ని కలవడం, చిన్న ప్రయాణం, నేర్చుకుందామనుకున్న ఆ పని, ఏదైనా ఆ వారంలో పెట్టుకో. తేదీలు పెన్సిల్‌తో రాయి, వాయిదా పడితే చెరిపేయొచ్చు. మిగతా రోజుల్లో నడవడం మానకు. ఈ అలసట నిద్రపోతే తీరేది కాదు, ఎంత పడుకుంటే కండ అంత కరుగుతుంది. వీధి చివరిదాకా కాదు, వరండా చివరిదాకా అయినా సరే.

డబ్బు గురించి రెండు మాటలే. ఆఫీసువాళ్లు ఇచ్చిన ఇన్సూరెన్స్ ఏ తేదీ దాకా ఉందో, దాన్ని సొంత ఖర్చుతో కొనసాగించే వీలుందో ఈ వారమే కనుక్కో, కొన్నిచోట్ల దానికి గడువు ఉంటుంది, దాటితే మళ్లీ దొరకదు. రిటైర్మెంట్ డబ్బంతా ఒకేచోట ఏళ్ల తరబడి కదలకుండా పెట్టొద్దు, స్టెరాయిడ్‌తో నిద్రపట్టని రాత్రుల్లో అసలే పెట్టొద్దు.

రేపు స్కాన్‌లో నిజంగానే జబ్బు పెరిగిందని వస్తే? ఆ మాట కూడా మాట్లాడుకుందాం, దాటేస్తే నువ్వు ఒంటరిగా ఆలోచిస్తావు. గడ్డల కొలతల్లో కాస్త తేడా రాగానే పెరిగిందనరు, సాధారణంగా కొలిచిన గడ్డల మొత్తం 20 శాతం, కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితేనో, లేదా కొత్త గడ్డ కనిపిస్తేనో అంటారు. రిపోర్టులో "స్టేబుల్" (పెద్దగా మార్పు లేదు) అని ఉంటే మొహం వేలాడేసుకోవద్దు, అది మందు పని చేస్తోందనే మాట కూడా కావచ్చు. రక్తంలో మార్కర్, అంటే క్యాన్సర్ జాడ చెప్పే పదార్థం, ఒక్కసారి పెరిగినంత మాత్రాన ఎవరూ తీర్పు చెప్పరు. నిజంగా పెరిగితే అడగాల్సినవి మూడు: ఇప్పుడు లక్ష్యం నయం చేయడమా, అదుపా, ఉపశమనమా? తర్వాతి మందుతో నాకు వచ్చే లాభమెంత, పోయేదెంత? అసలు తీసుకోకపోతే ఏమవుతుంది? ఇంకో డాక్టర్ అభిప్రాయం కావాలంటే మొహమాటం లేకుండా బయాప్సీ స్లైడ్లు, స్కాన్ సీడీలు అడిగి తీసుకో. మంచి డాక్టర్ ఎవరూ నొచ్చుకోరు.

పాలియేటివ్ కేర్ అన్న మాట వినబడితే మరదలు ఏడుస్తుంది, నాకు తెలుసు. అది చివరి రోజుల వార్డు కాదు. నొప్పి, వాంతులు, నిద్ర, దిగులు చూసే డాక్టర్లు, కీమో నడుస్తుండగానే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ల మీద బోస్టన్‌లో చేసి 2010లో ప్రచురించిన పరిశీలనలో, మొదటినుంచీ అలా చూపించుకున్నవాళ్లు హాయిగా ఉండటమే కాదు, మిగతావాళ్ల కంటే ఎక్కువ కాలం కూడా బతికారు. నీ నొప్పికి, తిమ్మిరికి ఇప్పుడే అడగొచ్చు.

వచ్చే విజిట్‌కి ముందు బ్లడ్ రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితం ఫోటో తీసి నాకు పంపు. ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లు, డాక్టర్ ఒప్పుకుంటే జవాబులు ఫోన్‌లో రికార్డ్ చేసుకో. మరదల్ని గది బయట కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లు, నువ్వు "బాగానే ఉన్నానండీ" అనగానే ఆవిడ నోట్‌బుక్ తెరవాలి. ఆ మాట ఆవిడకి ఇప్పటికే చెప్పేశాను.

అక్క