చలికాలం, కాకరకాయ, ఓలీబొల్లెన్: ద హేగ్ గురించి మీరడిగినవి

పోయిన నెల నెదర్లాండ్స్‌లో ఉన్నవాళ్లని, రాబోతున్నవాళ్లని ప్రశ్నలు పంపమన్నాం. వచ్చినవాటిలో ఎక్కువ చలికాలం గురించి, తిండి గురించి, మనుషుల గురించే. నేను ద హేగ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసినంతలో ఈ ఊరి సంగతులే చెప్తాను.

ప్రశ్న: మా అబ్బాయీ కోడలూ ద హేగ్‌లో ఉంటారు. నవంబరులో వెళ్లి మూడు నెలలు ఉండబోతున్నాను. నేను గుడ్డు కూడా తినను. పొద్దున తొమ్మిదింటిదాకా చీకటే, సాయంత్రం నాలుగున్నరకే మళ్లీ చీకటి అంటున్నారు. పిల్లలిద్దరూ ఆఫీసుకు వెళ్తే ఒక్కదాన్నీ ఏం చెయ్యాలి, ఏం తినాలి అని ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: అమ్మా, చీకటి మాట నిజమే, దాచను. డిసెంబరు మూడో వారంలో సూర్యుడు ఎనిమిదీ ముప్పావుకి వచ్చి నాలుగున్నరకి వెళ్లిపోతాడు, అదీ మబ్బు లేకపోతే. అందుకే మా అత్తగారు వచ్చినప్పుడు ఒకటే నియమం పెట్టుకున్నాం: పదకొండుకీ రెండుకీ మధ్య తుంపర పడుతున్నా సరే బయటికి వెళ్లాల్సిందే. గొడుగు మాత్రం వద్దు, ఇక్కడి గాలికి అది వెనక్కి తిరిగిపోతుంది. తలమీదికి టోపీ ఉన్న వానకోటు ఒకటి కొనిపెట్టమని అబ్బాయికి చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలి అంటే, ముందు హాగ్సె మార్క్ట్‌కి. ఊళ్లో పెద్ద సంత అది. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో ఉంటుంది, ట్రామ్ దిగితే ఎదురుగానే. అక్కడ కాకరకాయలు చూసి మా అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. పేరు మాత్రం కాకర కాదు, ‘సోప్రోపో’. మూరెడు పొడుగు బొబ్బర్ల కాయలు ‘కౌసెబాంట్’, బెండకాయ ‘ఓకర్’, తోటకూర ‘క్లారూన్’. ఇవన్నీ సూరినామ్ నుంచి వచ్చిన పేర్లు. దక్షిణ అమెరికాలోని ఆ దేశం 1975 దాకా డచ్చివాళ్ల ఏలుబడిలో ఉండేది. అక్కడి చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి, ఎక్కువగా భోజ్‌పురీ, అవధీ మాట్లాడే ప్రాంతాల నుంచి, కూలీలను ఓడల్లో తీసుకెళ్లారు. మొదటి ఓడ లల్లా రూఖ్ 1873 జూన్ 5న చేరింది. ఆ కూలీల మనవలూ మునిమనవలూ 1975కి అటూ ఇటూగా వేల సంఖ్యలో నెదర్లాండ్స్ వచ్చి స్థిరపడ్డారు, ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. మార్కెట్లో పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ ‘సర్నామీ’ అనే తమ హిందుస్తానీ మాట్లాడతారు. మీకు కాస్త హిందీ వస్తే కూరలు కొంటూనే కబుర్లు చెప్పుకోవచ్చు. మా అత్తగారికి అలా కుదిరిన స్నేహం ఇంకా ఫోన్లో నడుస్తోంది.

ఇక చిరుతిళ్లు. మీరొచ్చే సరికి వీధి మూలల్లో ఓలీబొల్లెన్ బళ్లు వెలిసి ఉంటాయి. మైదాపిండి ఈస్టుతో పొంగబెట్టి, ఎండుద్రాక్ష కలిపి, బోండాల్లాగా నూనెలో వేసి, పైన పంచదార పొడి చల్లి కాగితం పొట్లంలో పెట్టి ఇస్తారు. చలిలో నిలబడి వేడివేడిగా తినాలి తప్ప ఇంటికి తెచ్చుకుంటే సగం రుచి పోతుంది. కానీ చాలామంది పిండిలో గుడ్డు కలుపుతారు. అడగడానికి మొహమాటపడకండి, ‘జిట్ ఎర్ ఎయ్ ఇన్?’ అంటే ఇందులో గుడ్డుందా అని. గుడ్డు, పాలు, గింజల్లాంటివి ఉన్నాయో లేదో చెప్పాల్సిన బాధ్యత చట్టప్రకారం అమ్మేవాళ్లదే. ఇంకో రెండు జాగ్రత్తలు: చలికాలంలో ప్రతిచోటా కనపడే బఠానీ సూప్ పేరుకి బఠానీదే గాని మామూలుగా పంది మాంసంతోనే కాస్తారు. బంగాళాదుంప ఫ్రైస్‌ని కొన్ని కొట్లలో గొడ్డు కొవ్వులో వేయిస్తారు, దాన్ని ‘ఒస్సెవిట్’ అంటారు, ఆ మాట కనిపిస్తే కొనకండి. ఆఫీసు పార్టీల్లో తిప్పే ‘బిట్టర్‌బల్లెన్’ చూడడానికి అచ్చం ఆలూ బోండాలే, లోపల మాత్రం ఎక్కువగా గొడ్డు మాంసం ఉంటుంది. నేను వచ్చిన మొదటి నెలలో తెలియక కొరికాను. ఆ రోజంతా అన్నం సహించలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మా టీమ్‌లో ఒకాయనకి పాప పుట్టింది. ఆఫీసుకి గుండ్రటి రస్కుల మీద వెన్న రాసి, గులాబీ, తెలుపు రంగుల గింజలు చల్లి తెచ్చాడు. తింటే సోంపు! ఇదేంటి? నేనేమన్నా తిరిగి ఇవ్వాలా?
(ఒక పాఠకుడు, రైస్‌వైక్)

జవాబు: దాన్ని ‘బెస్ఖౌట్ మెట్ మౌషెస్’ అంటారు. మౌషెస్ అంటే చిట్టెలుకలు. సోంపులాంటి ఆ గింజకి పంచదార పూత పెట్టాక ఒక చివర సన్నటి తోక మిగులుతుంది, అందుకే ఆ పేరు. పాపకి గులాబీ, బాబుకి నీలం, రెండిట్లోనూ తెలుపు కలుపుతారు. 2003 డిసెంబరులో ఈ ఊళ్లోనే రాకుమారి అమాలియా పుట్టినప్పుడు నారింజ రంగువి అమ్మారు. ఆ గింజ తల్లికి పాలు పడేలా చేస్తుందని పాతకాలంనుంచీ ఇక్కడివాళ్ల నమ్మకం, మన ఇళ్లలో బాలింతకి శొంఠి, వాము పెట్టరూ, అలాగన్నమాట. తిరిగి ఏమీ ఇవ్వక్కర్లేదు, ‘ఖెఫెలిసిటేర్ట్’ (అభినందనలు) అని చెప్తే చాలు. పాపని చూడాలనుంటే ఫోన్ చేసి ఏ రోజు, ఏ గంటకి రమ్మంటారో కనుక్కుని వెళ్లండి, అరగంటలో లేచి వచ్చెయ్యండి.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. బళ్లో సింటర్‌క్లాస్ హడావిడి మొదలైంది, షూ పెట్టాలి, కేరట్ పెట్టాలి అంటున్నాడు. మనకి లేని పండుగ కదా, చెయ్యాలా? ఆ నల్లరంగు వేషాల గురించి విన్నవి కూడా మనసుని ఇబ్బంది పెడుతున్నాయి.
(ఒక అమ్మ, జూటర్‌మీర్)

జవాబు: షూ పెట్టనివ్వండి. సింటర్‌క్లాస్ అంటే పిల్లలకి బహుమతులు తెచ్చే ముసలి సాధువు. నవంబరు మధ్యలో ఆయన ఆవిరి ఓడలో వచ్చినట్టు వేడుక చేస్తారు. అప్పట్నుంచి డిసెంబరు 5 రాత్రి దాకా అప్పుడప్పుడు పిల్లలు షూలో ఆయన గుర్రానికి కేరట్ పెట్టి, పాట పాడి పడుకుంటారు. తెల్లారేసరికి కేరట్ పోయి అందులో గుప్పెడు క్రౌట్‌నోటెన్ ఉంటాయి. బటన్ అంత బిస్కట్లు అవి, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి వాసనతో కరకరలాడతాయి. వేసవి పూర్తిగా పోకముందే షాపుల్లోకి వచ్చేస్తాయి.

ఆ వాసన చూసినప్పుడల్లా నాకు మచిలీపట్నం గుర్తొస్తుంది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి ఈస్టిండియా కంపెనీ అక్కడ వ్యాపార కేంద్రం పెట్టింది. లవంగాలూ జాజికాయలూ పండే తూర్పు దీవుల్లో వెండి కంటే మన కోస్తా నేతబట్టలకి గిరాకీ ఎక్కువ, అందుకని ఇక్కడ బట్టలు కొని అక్కడ ఇచ్చి సుగంధ ద్రవ్యాలు తీసుకునేవాళ్లు. భీమిలిలో, మచిలీపట్నంలో డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మా పాపకి ఈ కథ చెప్తే బళ్లో టీచరుకి చెప్పొచ్చింది. మీ బాబుకీ చెప్పండి, ఈ బిస్కట్లో మన నేతగాళ్ల కష్టం కూడా ఉందని.

వేషాల విషయం. సింటర్‌క్లాస్ వెంట వచ్చే సహాయకులు, ‘పీట్’లు, పూర్వం ముఖమంతా నల్లరంగు పూసుకునేవాళ్లు. దానిమీద ఏళ్ల తరబడి పెద్ద గొడవ నడిచింది. టీవీలో దేశమంతా చూసే ఓడ వేడుకలో 2019 నుంచి పొగగొట్టం మసి అంటినట్టు బుగ్గలమీద చారలే ఉంటున్నాయి. ఇది మారాల్సిందే, నాకందులో రెండో మాట లేదు. మా పాప చామనఛాయ. అంతకుముందు ఒక ఏడాది తోటి పిల్లాడు ‘నువ్వు పీట్‌లా ఉన్నావు’ అన్నాడు. తను ఇంటికొచ్చి సబ్బుతో మొహం రుద్దుకుంటుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మర్నాడు టీచరుతో మాట్లాడాను, ఆవిడ క్లాసులో ఆ మాట నెమ్మదిగా తీసి పిల్లలతో మాట్లాడింది. మీరూ అలాంటిదేమైనా జరిగితే ఊరుకోకండి, వెళ్లి చెప్పండి. దానికోసం బాబు షూ మాత్రం ఆపకండి.

ఈ పండక్కి పెద్దవాళ్లు చీట్లు తీసి, ఎవరి పేరొస్తే వాళ్లకి చిన్న బహుమతి కొని, వాళ్లని ఆటపట్టిస్తూ ప్రాసతో పద్యం రాస్తారు. మన చాటువుల్లాంటివే. ఆఫీసులో మీకు చీటీ వస్తే తప్పించుకోకండి, రెండు లైన్లు రాసినా చాలు.

ప్రశ్న: వచ్చి రెండున్నరేళ్లయింది. పక్కింటివాళ్లు ఎదురుపడితే నవ్వుతారు, అంతే. దీపావళికి డబ్బా నిండా లడ్డూలు ఇచ్చాం. మూడో రోజు డబ్బా కడిగి, ఖాళీగా తెచ్చి ఇచ్చారు. మన దగ్గర ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరు కదండీ. వీళ్లకి మనమంటే ఇష్టం లేదేమో అనిపించి ఏడుపొచ్చింది.
(ఒక పాఠకురాలు, ద హేగ్)

జవాబు: ఆ ఖాళీ డబ్బా నాకూ వచ్చింది, మొదటి ఏడాది. మా అమ్మ ఖాళీ గిన్నెలో కనీసం చిటికెడు పంచదారైనా వేసి పంపేది, కాబట్టి మీ బాధ నాకు బాగా తెలుసు. కానీ మీ పక్కింటివాళ్ల వైపు నుంచి చూడండి. వేరేవాళ్ల వస్తువుని శుభ్రంగా కడిగి, ఆలస్యం చెయ్యకుండా స్వయంగా తెచ్చి ఇవ్వడమే వాళ్ల మర్యాద. అందులో అయిష్టం లేదు.

ఇక్కడ స్నేహానికి తేదీ కావాలి. ‘ఎప్పుడైనా రండి’ అంటే నిజంగా పిలిచినట్టు కాదు, అది పలకరింపు అనుకుంటారు. ‘వచ్చే శనివారం పదిన్నరకి కాఫీకి రండి’ అనండి, వెంటనే ఫోన్ తీసి రాసుకుంటారు, పదిన్నరకి తలుపు కొడతారు, పన్నెండుకి లేచిపోతారు. మీరు ఉప్మా, గారెలు, పాయసం చేసి కంగారుపెట్టకండి. వాళ్లింటికి వెళ్తే కాఫీతో ఒక్క బిస్కట్ పెడతారు, అది పిసినారితనం అనుకోకండి, వాళ్లకి ముఖ్యం కూర్చుని మాట్లాడుకోవడం. మీ వీధికి వాట్సాప్ గ్రూపు ఉందేమో అడిగి అందులో చేరండి. ‘ఇక్ లేర్ నేడర్లాండ్స్’ (నేను డచ్చి నేర్చుకుంటున్నాను) అని ఒక్కసారి చెప్పి తప్పుల తడకగానైనా డచ్చిలో మొదలుపెట్టండి, అప్పుడు వాళ్లు మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

ఏడాదిలో రెండు రోజులు మాత్రం తేదీ అక్కర్లేదు. ఒకటి ఏప్రిల్ 27, రాజుగారి పుట్టినరోజు (ఆదివారం పడితే 26న చేస్తారు). ఎవరైనా వీధిలో దుప్పటి పరిచి పాత వస్తువులు అమ్ముకోవచ్చు. మా పాప పాత బొమ్మలు పెట్టుకుని కూర్చుంటే ఆ ఒక్క పూటలో నేను మాట్లాడిన ఇరుగుపొరుగు అంతకుముందు రెండేళ్లలో మాట్లాడినవాళ్లకంటే ఎక్కువ. రెండోది డిసెంబరు 31 రాత్రి. పన్నెండు కొట్టగానే జనం ఇళ్లలోంచి వీధిలోకి వచ్చి ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు. మీరు పరదాలు వేసుకుని టీవీ ముందు కూర్చోకండి, బాణసంచా హోరు ఉన్నా సరే గుమ్మం దాకా రండి.

ఆ రోజే చాలా ఇళ్లలో ఓలీబొల్లెన్ వేస్తారు. నూనె వాసన ఇంట్లో నిండకుండా కొందరు బాల్కనీలో పొయ్యి పెట్టుకుంటారు. మూడో ఏడు, మా కిందింటి పెద్దావిడ పళ్లెంలో ఆరు ఓలీబొల్లెన్ పెట్టి, పైన పేపర్ నాప్కిన్ కప్పి తెచ్చింది. నేను పళ్లెం ఉంచేసుకున్నాను. పదిహేను రోజులకి సంక్రాంతి వచ్చింది, అరిసెలు పెట్టి తిరిగి ఇచ్చాను. ఆవిడ గుమ్మంలోనే ఒకటి తిని, ఈ తీపి ఏమిటి అని అడిగింది. బెల్లానికి మాట దొరక్క నేను తడుముకుంటుంటే లోపలికి వెళ్లి ‘ఖూలా జావా’ పొట్లం తెచ్చి చూపించింది, ఇండోనేషియా వంటలకి ఇక్కడ వాడే కొబ్బరిచెట్టు బెల్లం, మన తాటిబెల్లానికి దగ్గర రుచి. అప్పట్నుంచి ఆ పళ్లెం మా రెండిళ్ల మధ్యా తిరుగుతూనే ఉంది, ఇప్పటిదాకా ఖాళీగా వెళ్లలేదు. మీ పక్కింటావిడకి సంక్రాంతికి ఏదైనా ఇచ్చేటప్పుడు ‘మా ఊళ్లో గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వం’ అని నవ్వుతూ చెప్పండి. కొత్త పద్ధతి తెలిస్తే పాటించడం వీళ్లకి ఇష్టం.

ప్రశ్న: మాది రాజమండ్రి, పులస తిని పెరిగినవాణ్ని. ఇక్కడ పచ్చి చేపని తోకపట్టుకుని నోట్లోకి దించుకుంటున్నారు! తినొచ్చా?
(ఒక విద్యార్థి, డెల్ఫ్ట్)

జవాబు: తినొచ్చు బాబూ, పైగా నువ్వు తినాలి. నువ్వు చూసింది హెరింగ్ అనే చేప, మన పులసకి చుట్టమే. అది పూర్తిగా పచ్చిది కాదు, వండనిది, అంతే. పట్టగానే పేగులు తీసి, క్లోమం మాత్రం ఉంచి ఉప్పులో ఊరేస్తారు. ఆ క్లోమంలోంచి వచ్చే రసాలే చేపని మెత్తబరిచి రుచి తెస్తాయి. పురుగులు చచ్చేలా గడ్డకట్టించాకే అమ్మాలని నియమం ఉంది. మన పులసకి వరద గోదారి ఎలాగో దీనికి జూన్ అలాగ. వేసవి మొదట్లో బాగా మేసి కొవ్వు పట్టాక, కనీసం 16 శాతం కొవ్వుంటేనే ‘హొల్లాండ్సె నీయూవె’ అన్న పేరు పెట్టి అమ్మనిస్తారు. డెల్ఫ్ట్ నుంచి ఒకే ట్రామ్‌లో ద హేగ్ సముద్రతీరం స్ఖెవెనింగెన్ వచ్చెయ్యొచ్చు. రేవు దగ్గర బండివాడు నీ ఎదురుగానే చేపని శుభ్రం చేస్తే అక్కడే తిను, పొద్దున్నించీ కోసి పెట్టినవి వద్దు. సన్నగా తరిగిన ఉల్లిపాయ ముక్కలు తప్పకుండా వేయించుకో. వెన్నలా కరిగిపోతుంది, ముల్లు బాధ పులసలో పదోవంతు కూడా ఉండదు. పులుసు పెట్టాలని మాత్రం ప్రయత్నించకు. నేను ఒకసారి చింతపండు పులుసులో వేశాను, ఉప్పు విషమైపోయి, ముక్క చెదిరిపోయి అంతా పారబోశాం.