నైరూప్యమా? అమూర్తమా?

సందేహం: అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్‌ను కొందరు ‘నైరూప్య కళ’ అనీ, కొందరు ‘అమూర్త కళ’ అనీ రాస్తున్నారు. ఏది ఒప్పు? రూపమే లేని బొమ్మకు ఆధ్యాత్మిక పరమార్థం ఉందనడం సబబేనా?

సమాధానం: రెండూ వాడుకలో ఉన్నవే. నైరూప్యమంటే రూపం లేకపోవడం. దాని సంగతి అంతే.

అమూర్తం అలా ఒక్క ముక్కలో తేలేది కాదు. మూర్తం, మూర్తి, మూర్ఛ ఈ మూడింటికీ ధాతువు ఒక్కటే. పేరుకోవడం, గట్టిపడటం ఆ ధాతువుకున్న పాత అర్థాల్లో ఒకటి. పేరుకుని ఒక ఆకారంగా నిలిచింది మూర్తి. ఇంకా అలా గడ్డకట్టనిది అమూర్తం. బృహదారణ్యక ఉపనిషత్తు ‘ద్వే వావ బ్రహ్మణో రూపే మూర్తం చైవామూర్తం చ’ అంటుంది. బ్రహ్మానికి రెండు రూపాలట, అమూర్తమూ వాటిలో ఒకటట! కాస్త ముందుకెళ్తే పురుషుడి రూపాన్ని పసుపు అద్దిన బట్టతో, తెల్లని ఉన్నితో, ఆరుద్ర పురుగుతో, అగ్నిజ్వాలతో, తెల్లతామరతో, మెరుపుతో పోల్చి, ఆ వెంటనే ‘నేతి నేతి’ (ఇది కాదు, ఇది కాదు) అంటుంది. ముఖం ఊసు లేదు, కాళ్లూ చేతుల ఊసు లేదు. అన్నీ రంగులూ కాంతులే.

కళలో ఆధ్యాత్మికత గురించి 1911లో పుస్తకం వేసిన రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ కూడా రంగు నేరుగా ఆత్మను కదిలిస్తుందనే వాదించాడు. మీరడిగిన పరమార్థం అక్కడే ఉంది. చెట్టో మనిషో కనబడగానే మనం దానికో పేరు పెట్టేసి ముందుకు సాగిపోతాం. పేరు పెట్టడానికి ఏమీ దొరకనప్పుడు చూపు రంగు దగ్గరే ఆగాలి, లోపల ఏం కదులుతోందో గమనించుకోవాలి. ఆత్మను గురించినది ఆధ్యాత్మికం. ఈ మాటను పూజాపునస్కారాలకే కట్టేయడం ఈమధ్య బాగా ఎక్కువైంది.

ఇక మన పోతన:

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగినఁ దుది నలోకం బగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్.

లోకాలు పోయాయి, వాటిని ఏలేవాళ్లు పోయారు, అందులో ఉండేవాళ్లూ పోయారు. కంటికి ఆనేవన్నీ ఒక్కొక్కటిగా చెరిపేశాక మిగిలింది పెంజీకటి. దానికి అవతల ఉన్నవాణ్ణి పోతన ‘నిరాకారుడు’ అనలేదు, ‘ఏకాకృతి’ అన్నాడు! ఆకృతులన్నీ తెగిపోయినచోట ఆకృతి అనే మాటనే పట్టుకున్నాడు. ఈ పద్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నా ఆ సమాసం దగ్గర నాకు అడుగు ముందుకు పడదు. 1915లో చిత్రకారుడు మలేవిచ్ ‘నల్లచదరం’ అనే తన చిత్రాన్ని ప్రదర్శనశాలలో గోడల పైమూలన, రష్యన్లు ఇళ్లలో దేవుడి పటం పెట్టుకునే చోట, తగిలించాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఈ పెంజీకటే గుర్తొస్తుంది.

ఇంత లోతున్న ‘అబ్‌స్ట్రాక్ట్’ అనే మాటను ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ వాడేస్తున్నారు. ప్రసంగం అర్థం కాకపోయినా, సినిమా ముగింపు తేలకపోయినా ‘అబ్‌స్ట్రాక్ట్‌గా ఉంది’ అనడమే! ‘అస్పష్టం’ అనే మంచి మాట ఉండగా ఎందుకీ అవస్థ?

నా ఓటు అమూర్తానికే. అలాగని నైరూప్యాన్ని తప్పని కొట్టిపారేయలేను. పత్రికల్లో, చిత్రకారుల నోట అది బాగా స్థిరపడింది. సమాసంగా ‘నైరూప్య చిత్రం’ అంటే సరిపెట్టుకోవచ్చు. ‘నైరూప్యమైన చిత్రం’ అని మాత్రం రాయకండి. అది ‘నైపుణ్యం గల శిల్పి’ అనాల్సినచోట ‘నైపుణ్యమైన శిల్పి’ అన్నట్టుంటుంది.